వరుసలో మొదట నిలబడే పిల్లల కోసం

నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా విద్యాశాఖాధికారి గారికి, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి నమస్కారాలతో రాస్తున్న బహిరంగ లేఖ.

నేను ఈ జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. కొన్నేళ్లు ఉదయగిరి వైపు మెట్ట ఊళ్లలో, ఎక్కువ కాలం విడవలూరు, ఇందుకూరుపేట వైపు సముద్రానికి దగ్గరి ఊళ్లలో. పిల్లలు నన్ను డ్రిల్లు మేడం అనేవారు. రోజూ ఉదయం ప్రార్థనకు వాళ్లను వరుస కట్టించడం నా పని. పొట్టివారు ముందు, పొడుగువారు వెనక. జూన్‌లో ఎత్తు చూసి నిలబెట్టిన వరుస దసరా సెలవులు దాటేసరికి చెదిరిపోతుంది. ఒకడు రెండు స్థానాలు వెనక్కి జరుగుతాడు, ఒకమ్మాయి ఉన్నట్టుండి చివరికి వెళ్లిపోతుంది. సంక్రాంతి తర్వాత మళ్లీ సర్దాల్సిందే. పిల్లలు పెరుగుతున్నారని తెలుసుకోవడానికి నాకు వేరే గుర్తు అక్కర్లేకపోయేది.

కొందరు మాత్రం కదలరు. ఆరో తరగతిలో మొదట నిలబడ్డ పిల్ల ఏడులోనూ మొదటే, ఎనిమిదిలోనూ మొదటే, పదిలోనూ మొదటే. ఆ పిల్లల కోసమే, వాళ్ల ఎత్తును బడిలో సరిగ్గా కొలిచి రాయమని అడగడానికే ఈ లేఖ.

అలాంటి ఒక అమ్మాయిని ఐదేళ్లు నేనే వరుసలో మొదట నిలబెట్టాను. చురుకైన పిల్ల. ఖోఖోలో చేతికి చిక్కేది కాదు, పద్యం అందుకుంటే గుక్క తిప్పుకోకుండా చెప్పేది. పదో తరగతికి వచ్చినా తోటివాళ్ల భుజాల దాకా కూడా రాలేదు. ఇంకా పెద్దమనిషి కాలేదని తల్లి ఒకరోజు నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. "కొందరికి ఆలస్యం అవుతుందమ్మా, దిగులు పడకు" అని ధైర్యం చెప్పి పంపాను. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. ఇంటర్ రెండో ఏడాదిలో, పదిహేడేళ్ల వయసులో, బంధువు ఒకరు పట్టుబట్టి చెన్నై తీసుకెళ్తే అక్కడ తేలింది, టర్నర్ సిండ్రోమ్ అని. ఆడపిల్లలకు ఉండాల్సిన రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి పూర్తిగానో కొంత భాగమో లేకపోవడం. సుమారు 2,500 మంది ఆడపిల్లల్లో ఒకరికి ఇలా జరుగుతుంది. పుట్టుకతో వచ్చేదే, ఇందులో తల్లి తప్పు గానీ తండ్రి తప్పు గానీ ఏమీ లేదు. సాధారణంగా తెలివికి లోటుండదు. కానీ ఎత్తు పెరగదు, అండాశయాలు సరిగా పనిచేయవు, కొందరికి గుండెలోనో మూత్రపిండాల్లోనో లోపాలుంటాయి. ఆ అమ్మాయికి గుండె కవాటంలో లోపం ఉన్నట్టు కూడా అప్పుడే బయటపడింది. ఆ గుండెతోనే ఆమె నా మైదానంలో ఐదేళ్లు పరుగెత్తింది.

చెన్నైలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: చిన్నప్పటి నుంచి ఎత్తు కొలిచి రాసిన కాగితాలు ఏమైనా ఉన్నాయా? తల్లి నాకు ఫోను చేసింది. బడికి వెళ్లి పాత రిజిస్టర్లు దించి వెతికాను. ఆరో తరగతిలో 121 సెంటీమీటర్లు. ఏడులో 127. ఎనిమిదిలో 124. తొమ్మిదిలో 130. పదిలో గడి ఖాళీ. ఎదిగే పిల్ల ఎవరూ ఏడాదిలో మూడు సెంటీమీటర్లు తగ్గరు. ఆ అంకెల్లో రెండు నా చేతిరాతే. ఒకసారి బూట్లతో కొలిచి ఉంటాను, ఇంకోసారి జడ మీద స్కేలు పెట్టి ఉంటాను. ఆరోజు గంట కొట్టేస్తారన్న తొందరలో కంటి అంచనాతో రాసేశానేమో కూడా. ఆ కాగితాలు డాక్టరుకు ఎందుకూ పనికిరాలేదు.

అదే లోపం ఆరేడేళ్ల వయసులో తెలిసి ఉంటే గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లతో ఎత్తు కొంత పెరిగేది. పదకొండు, పన్నెండేళ్లకు ఆడవారి హార్మోన్ అయిన ఈస్ట్రోజన్ మొదలుపెట్టి ఉంటే తోటివాళ్లతో పాటే ఆమె శరీరమూ ఎదిగేది. అన్నిటికంటే ముందు గుండెకు పరీక్ష జరిగేది. ఇప్పుడు ఆమె డిగ్రీ ముగించి ఉద్యోగం చేస్తోంది. నీ గురించి రాయనా అని అడిగితే, "పేరు లేకుండా రాయండి మేడం, మిగతాదంతా రాయండి" అంది.

అయ్యా, పిల్లలు ఎంత పెరగాలో నేను పదవీ విరమణ చేశాక నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన రోజున నేర్పాల్సిన విషయం అది. పుట్టినప్పుడు బిడ్డ సుమారు 50 సెంటీమీటర్లు ఉంటుంది. మొదటి ఏడాదిలో 25 సెంటీమీటర్లు, రెండో ఏడాదిలో 10 నుంచి 12 పెరుగుతుంది. నాలుగేళ్లు నిండేసరికి దాదాపు మీటరు. అక్కడి నుంచి యవ్వన లక్షణాలు మొదలయ్యేదాకా ఏటా 5, 6 సెంటీమీటర్లు. ఆ వయసులో ఏడాదికి 4 సెంటీమీటర్ల కన్నా తక్కువ పెరిగిన బిడ్డను డాక్టరుకు చూపించి తీరాలి. ఒకసారి కొలిస్తే ఎత్తు తెలుస్తుంది. పెరుగుదల తెలియాలంటే రెండుసార్లు కొలవాలి, రెండుసార్లూ ఒకేలా కొలవాలి.

పొట్టిగా ఉన్న పిల్లలందరికీ జబ్బు ఉందని నా ఉద్దేశం కాదు. ఎక్కువమంది ఆరోగ్యవంతులే. తల్లిదండ్రులు పొట్టివారైతే పిల్లలూ అలాగే ఉంటారు. దానికి డాక్టర్లు వాడే చిన్న లెక్క ఒకటుంది. తండ్రి ఎత్తు, తల్లి ఎత్తు కూడి, మగపిల్లవాడికైతే 13 కలిపి, ఆడపిల్లకైతే 13 తీసేసి, సగం చేయాలి. తండ్రి 168, తల్లి 152 అయితే కొడుకు 166 దగ్గర, కూతురు 153 దగ్గర ఆగవచ్చు, కొంచెం అటూ ఇటూగా. ఇంకొందరు ఆలస్యంగా ఎదిగి చివరికి అందరినీ అందుకుంటారు. చాలినంత తిండి లేక, రక్తహీనతతో, దీర్ఘకాలపు మూత్రపిండాల జబ్బుతో ఎదుగుదల ఆగిపోయే పిల్లలూ ఉన్నారు. ఎవరిది ఏ కారణమో తేల్చడం డాక్టరు పని. ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు, అంటే అవి ఎంతవరకు ఎదిగాయో, చూస్తారు, రక్తపరీక్షలు చేస్తారు. ఆ బిడ్డను డాక్టరు దాకా పంపడం మాత్రం మన పని. మనం చేయనిది అదే.

ఉదయగిరి వైపు పనిచేసేటప్పుడు ఏడో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. మొహం ఉబ్బినట్టుండేది, చర్మం పొడిబారి ఉండేది, ఎండాకాలంలోనూ చలిగా ఉందనేవాడు. పాఠం ఎక్కేది కాదు. మొద్దబ్బాయి అని ఉపాధ్యాయుల గదిలోనే పేరు పడింది. ఒక జూన్‌లో అతని తమ్ముడు ఆరో తరగతిలో చేరాడు. వరుసలో చూస్తే తమ్ముడు అన్నను దాటి ఉన్నాడు. అప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ బడికి వచ్చి, ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూసి, అన్నకు వెంటనే థైరాయిడ్ పరీక్ష రాసింది. ఆ గ్రంథి పనిచేయడం దాదాపు మానేసింది. రోజూ ఉదయం పరగడుపున ఒక చిన్న మాత్ర, అంతే. మరుసటి ఏడాది ఆ అబ్బాయి పది సెంటీమీటర్లు పెరిగాడు. బడికి ముందుగా వచ్చి గంట కొట్టే పని తనే తీసుకున్నాడు. తమ్ముడు అన్నను దాటాడంటే అది వేడుకగా చెప్పుకునే విషయం కాదని నాకు నేర్పింది ఆ డాక్టరమ్మ. ఆమె చూసింది గనుక కనిపించింది. ఉబ్బిన ఆ మొహాన్ని మేమందరం రోజూ చూస్తూనే ఉన్నాం.

ఉప్పు గురించి కూడా ఇక్కడే ఒక మాట. మన తీరంలో ఇసకపల్లి ఉప్పు కొఠార్లు ఉన్నాయి. సముద్రపు ఉప్పులో అయోడిన్ ఎలాగూ ఉంటుందని తీరప్రాంతంలో చాలామంది నమ్ముతారు. ఉండదు, ఉన్నా ఏ మూలకూ చాలదు. కొఠారు నుంచి నేరుగా ఇంటికొచ్చిన కల్లుప్పులో అయోడిన్ కలిపి ఉండదు. అయోడిన్ లేకుండా థైరాయిడ్ హార్మోన్ తయారు కాదు. 2006 నుంచి అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మడంపై దేశమంతా నిషేధం ఉంది. మధ్యాహ్న భోజనం వండే గదిలో ఏ ఉప్పు వాడుతున్నారో ప్రధానోపాధ్యాయులు ఒకసారి చూడాలి.

ఆ అబ్బాయికి జబ్బు పెద్దయ్యాక వచ్చింది కాబట్టి మాత్రతో మళ్లీ మనిషయ్యాడు. పుట్టుకతోనే థైరాయిడ్ పనిచేయని పిల్లల సంగతి వేరు. మన దేశంలో సుమారు వెయ్యి కాన్పులకు ఒక బిడ్డ అలా పుడుతోంది. పుట్టినప్పుడు చూస్తే ఏమీ తెలియదు, బిడ్డ మామూలుగానే ఉంటుంది. నిద్ర ఎక్కువ, ఏడుపు తక్కువ. బుద్ధిమంతుడు అని అమ్మమ్మలు మురిసిపోతారు. మొదటి రెండు వారాల్లో మందు మొదలైతే ఆ బిడ్డ అందరిలాగే బడికి వస్తుంది. నెలలు గడిచిపోతే మెదడుకు జరిగిన నష్టాన్ని ఏ మందూ పూడ్చలేదు. పుట్టిన రెండు మూడు రోజులకు మడమ దగ్గర గుచ్చి తీసిన నాలుగు రక్తపు చుక్కలతో ఇది తెలిసిపోతుంది. మాత్ర ఖర్చు రోజుకు రెండు మూడు రూపాయలు. కేరళ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పుట్టిన పిల్లలకు ఈ పరీక్ష చేస్తున్నారు. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం కేంద్రం తెచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లల్లో చూడాల్సిన జబ్బుల పట్టికలో ఈ జబ్బు పేరు అప్పుడే రాసుకున్నారు. కానీ ఐచ్ఛికం, అంటే ఇష్టమైతే చేయవచ్చు, అని పక్కన పెట్టారు. వైద్యాధికారి గారూ, మన జిల్లాలో కాన్పులు జరిగే ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో తల్లీబిడ్డలను ఇంటికి పంపేముందు ఈ పరీక్ష జరిగేలా చూడండి. ఈ లేఖలో వాయిదా వేయడానికి వీల్లేనిది ఏదైనా ఉంటే అది ఇదే.

ఇక వరుసలో వెనక్కి వెళ్లిపోయే చిన్నపిల్లల మాట. ఇది ఎవరూ అనుమానించని కోణం. రెండో తరగతి పిల్ల ఒక్క ఏడాదిలో బాగా ఎత్తు పెరిగి తరగతిలో అందరినీ దాటేస్తే ఇంట్లో ఆనందపడతారు. ఎనిమిదేళ్లలోపు ఆడపిల్లకు రొమ్ములు పెరగడం మొదలైనా, తొమ్మిదేళ్లలోపు మగపిల్లవాడికి యవ్వన లక్షణాలు కనిపించినా అది వయసుకు ముందొచ్చిన ఎదుగుదల. అలాంటి పిల్లలు ముందు పొడుగ్గా కనిపిస్తారు. కానీ హార్మోన్ల వల్ల ఎముకల చివర్లలోని ఎదిగే భాగం త్వరగా మూసుకుపోయి పదకొండు, పన్నెండేళ్లకే ఎదుగుదల ఆగిపోతుంది. చివరికి వాళ్లే అందరిలోకీ పొట్టిగా మిగులుతారు. కొందరిలో, ముఖ్యంగా మగపిల్లల్లో, దీని వెనక మెదడులో గడ్డ కూడా ఉండవచ్చు. నెలకోసారో మూడు నెలలకోసారో ఇచ్చే ఇంజెక్షన్లతో దీన్ని కొంతకాలం ఆపవచ్చు.

మన ఊళ్లలో జరుగుతున్నదేమిటి? మూడో తరగతి పిల్ల పెద్దమనిషి అయితే షామియానా వేసి, ఫ్లెక్సీ కట్టించి, ఊరంతటికీ భోజనాలు పెడుతున్నారు. అలాంటి వేడుకకు నేనూ వెళ్లాను. కుర్చీలో కూర్చోబెట్టిన ఆ పిల్లకు పట్టుచీర బరువు మోయడం రావడం లేదు. చుట్టూ ఏం జరుగుతోందో అర్థంకాక బొమ్మ కోసం అడుగుతోంది. అక్షింతలు వేసి వచ్చేశాను. ఆ తల్లిని పక్కకు పిలిచి, ముందు డాక్టరుకు చూపించండమ్మా అని చెప్పాల్సినదాన్ని నేను. ఆచారం మీద నాకు కోపం లేదు. వేడుక పదమూడేళ్లకైనా చేసుకోవచ్చు, ఎముకలు మూసుకుపోయాక మాత్రం తెరుచుకోవు. ఆశా కార్యకర్తలకు ఈ ఒక్క విషయం చెప్పి పంపితే చాలు: ఎనిమిదేళ్లలోపు ఆ లక్షణాలు కనిపిస్తే డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. పదమూడేళ్లు నిండినా ఆడపిల్లలో, పద్నాలుగు నిండినా మగపిల్లవాడిలో ఏ మార్పూ మొదలు కాకపోయినా చూపించాలి. పదిహేనేళ్లకు కూడా నెలసరి రాని పిల్లను ఇంకా ఆగుదామని ఇంట్లో కూర్చోబెట్టకూడదు.

పిల్లల ఎత్తు మీద దిగులుపడే తల్లిదండ్రుల డబ్బు ఎక్కడికి పోతోందో కూడా చెప్పాలి. ఎత్తు పెంచుతామని టీవీలో, ఫోనులో ప్రకటనలిచ్చే పొడుల డబ్బాలకు పోతోంది. ఎముకల చివర్లు మూసుకుపోయాక ఎత్తు పెంచే పొడి లోకంలో లేదు. మూసుకోకముందు కావలసింది పరీక్ష, పొడి కాదు. ఇంతకంటే ప్రమాదం ఇంకొకటి ఉంది. దగ్గు, ఆయాసం, దురద ఏది వచ్చినా అర్హత లేనివారు ఇచ్చే డెక్సామెథాసోన్, బెటామెథాసోన్ వంటి స్టెరాయిడ్ మందులు. ఆకలి పెరుగుతుంది, బుగ్గలు నిండుతాయి, బిడ్డ బొద్దుగా అయ్యాడని ఇంట్లో సంబరం. నెలల తరబడి వాడితే ఎత్తు పెరగడం ఆగిపోతుంది. శరీరం సొంతంగా తయారుచేసుకునే హార్మోన్ కూడా అణిగిపోతుంది కనుక ఒక్కసారిగా మానేసినా ప్రాణం మీదికి వస్తుంది. అయితే ఆయాసానికి డాక్టరు రాసిచ్చిన ఇన్‌హేలర్ సంగతి ఇది కాదు, అందులో మందు మోతాదు చాలా తక్కువ. ఈ లేఖ చదివి ఎవరూ దాన్ని మానేయవద్దు.

విద్యాధికారి గారూ, మీకు ఒక ప్రశ్న. ప్రభుత్వం ఏటా పిల్లలకు బూట్లు ఇస్తోంది. అందుకోసం ప్రతి బడిలో ప్రతి బిడ్డ పాదం కొలిచి అంకె పైకి పంపుతాం. బూటు బిగుతైతే ఫిర్యాదు వస్తుంది కాబట్టి ఆ కొలత తప్పకుండా జాగ్రత్తగా తీస్తాం. పాదం కొలిచిన చేతికి తల దాకా వెళ్లడం బరువా? ఎత్తు, బరువు రాసే గళ్లు ఆరోగ్య కార్డులోనూ ఉన్నాయి, మా వ్యాయామ పరీక్షల పట్టికల్లోనూ ఉన్నాయి. ఈ ఏడాది అంకె పక్కన పోయిన ఏడాది అంకె ఉండదు, అదే లోపం. రెండూ పక్కపక్కన ఉంటే తీసివేత ఐదో తరగతి పిల్లవాడు కూడా చేస్తాడు.

కొలిచే పద్ధతి కష్టమైనదేమీ కాదు. గోడకు నిలువుగా టేపు అతికించి దాని సున్నా సరిగ్గా నేలను తాకేలా చూడాలి. బూట్లు, సాక్సులు తీయాలి. ఆడపిల్లల జడ, కొప్పు నడినెత్తిన అడ్డురాకుండా విప్పాలి. మడమలు, పిరుదులు, భుజాల వెనక భాగం గోడకు ఆనాలి, చూపు నేరుగా ముందుకు ఉండాలి. తల మీద చదునైన పలక పెట్టి గోడకు మూలమట్టంగా ఆనించి చదవాలి. ఎప్పుడూ ఉదయం పూటే కొలవాలి. పొద్దున్న ఉన్న ఎత్తు సాయంత్రానికి దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి చాలు. భారత బాలవైద్యుల సంఘం 2015లో మన దేశపు పిల్లల కోసం, ఐదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకు, ఎదుగుదల పట్టికలు తయారుచేసింది. అవి ప్రతి బడిలో, బీరువాలో కాకుండా గోడ మీద ఉండాలి. ఇంకొక విన్నపం. అంకెలు పైకి చదవవద్దు. పొట్టోడా అని పిలిచే పిల్లలు తరగతిలో ఎలాగూ ఉంటారు, వాళ్లకు మనం అంకె అందించకూడదు. ఆడపిల్లలను ఉపాధ్యాయురాలే విడిగా కొలవాలి.

కొలిచి, అనుమానించి, పంపితే ఎక్కడికి పంపాలి? ఇది కలెక్టర్ గారిని అడుగుతున్నాను. పిల్లల హార్మోన్ జబ్బుల నిపుణుల కోసం మన జిల్లావాళ్లు చెన్నైకి రైలెక్కుతున్నారు. నూట డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఒకరోజు కూలి పోతుంది, ఇద్దరి ఛార్జీలు పోతాయి. వారానికి రమ్మంటే రెండోసారికే మానేస్తారు, నేను చూశాను. నెలకొక రోజు ఆ నిపుణుడిని నెల్లూరు పెద్దాసుపత్రికి రప్పించండి. బడుల నుంచి, అంగన్‌వాడీల నుంచి పంపిన పిల్లలందరినీ ఆ ఒక్కరోజు చూడవచ్చు. థైరాయిడ్ మాత్రలు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఏ నెలా తెగిపోకుండా ఉండాలి.

గ్రోత్ హార్మోన్ ఖరీదైన మందు. రోజూ ఇంజెక్షన్, ఏళ్ల తరబడి. కూలి చేసుకునేవాళ్లు భరించలేరు. కానీ కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో టర్నర్ సిండ్రోమ్‌కూ, నిర్ధారణ అయిన గ్రోత్ హార్మోన్ లోపానికీ చోటు ఉంది. ఎంపిక చేసిన కేంద్రాల ద్వారా ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల వరకు సాయం అందించే వీలుంది. మనకు దగ్గరలో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రితో కలిసి పనిచేసే సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరీక్షల సంస్థ అలాంటి కేంద్రం. నా విద్యార్థిని తల్లికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. పుస్తెలు తాకట్టు పెట్టి పరీక్షలు చేయించింది. ఈ దరఖాస్తు ఎలా పెట్టాలో చెప్పే మనిషి ఒకరు పెద్దాసుపత్రిలో ఉండాలి, వారి గది ఎక్కడో అంగన్‌వాడీ కార్యకర్తకు కూడా తెలిసి ఉండాలి.

మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును 1937లో వైద్యలోకానికి చూపించింది ఆనాటి నెల్లూరు జిల్లా ఊళ్ల నుంచే. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోయిన మనుషులు అంతకుముందూ ఉన్నారు. ఎవరో ఊరూరా తిరిగి, చూసి, రాసిపెట్టారు గనుక ఆ జబ్బుకు పేరు వచ్చింది, మంచినీళ్లు అడిగే హక్కు వచ్చింది. మన బడి పిల్లల ఎత్తులు కూడా అలా ఎవరో ఒకరు ఓపికగా రాసిపెట్టాలి.

జూన్‌లో బడులు తెరిచిన మొదటి వారమే వరుసలు కట్టిస్తారు. ఆ వారంలోనే మొదటి కొలత జరగాలని నా కోరిక. విడవలూరు, ఇందుకూరుపేట మండలాల్లో మీరు అనుమతిస్తే నేనే వచ్చి వ్యాయామ ఉపాధ్యాయులకు కొలవడం చూపిస్తాను. ఛార్జీలు అక్కర్లేదు. టేపు, పలక నా దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు,
నెల్లూరు జిల్లా